ఫ్లోరైడ్ నీరు – సాంకేతిక పరిష్కారాలు: నల్లగొండ అనుభవం (1937–2020)

వ్యాస సంగ్రహం

మానవ సమస్యల పరిష్కారానికి సాంకేతిక పరిజ్ఞానాన్ని మళ్లించాలన్న ఆశయం స్వతంత్ర భారత విధానాలలో తొలినుంచీ కనిపిస్తుంది. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్య ఆ ఆశయానికి సుదీర్ఘమైన పరీక్షగా నిలిచింది. ఇక్కడ సాంకేతికతకు కొరత రాలేదు. బోరుబావి వచ్చింది, చేతిపంపు వచ్చింది, జిల్లా పేరుతోనే ఒక జలశుద్ధి పద్ధతి వెలువడింది. అయినా వ్యాధి దశాబ్దాలపాటు కొనసాగింది. ఒక్కో దశలో సమస్యను ఎవరు, ఏ విధంగా నిర్వచించారు, ఆ నిర్వచనం సాంకేతికతను ఏ దిశకు నడిపించింది అన్న అంశాన్ని ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఫ్లోరోసిస్, నల్లగొండ పద్ధతి, బోరుబావి, టెక్నాలజీ మిషన్, జలసాధన సమితి, కృష్ణాజలాలు, సాంకేతికత – సమాజం.

1. ఉపోద్ఘాతం

ప్రపంచ జలశుద్ధి శాస్త్ర గ్రంథాలలో ఒక తెలుగు జిల్లా పేరు స్థిరపడి ఉంది. తాగునీటిలోని అధిక ఫ్లోరైడ్‌ను పటిక, సున్నాలతో తొలగించే విధానాన్ని ఆ గ్రంథాలు ‘నల్లగొండ పద్ధతి’ అని వ్యవహరిస్తాయి. తూర్పు ఆఫ్రికాలోని రిఫ్ట్ లోయ నేలల్లోనూ ఇదే సమస్య ఉన్నందున టాంజానియా, ఇథియోపియా దేశాలలో ఈ పద్ధతిని ప్రయోగించి చూశారు. అయితే ఈ పద్ధతి వెలువడిన తరువాత కూడా నల్లగొండ జిల్లాలోని అనేక గ్రామాలలో పిల్లలు గారపళ్లతో పెరిగారు. నడివయసు వచ్చేసరికి వెన్ను బిగుసుకుపోయి, మెడ తిప్పలేని స్థితికి చేరినవారు ఇంటింటా కనిపించారు.

పరిష్కారం అందుబాటులో ఉండగా సమస్య ఎందుకు కొనసాగింది? ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. ప్రభుత్వాల నిర్లక్ష్యం ఒకటి, ప్రజల అవగాహనా లోపం మరొకటి. రెండింటిలోనూ కొంత వాస్తవం ఉన్నప్పటికీ చరిత్రను అవి పూర్తిగా వివరించలేవు. నల్లగొండలో ప్రతి దశలోనూ ఏదో ఒక సాంకేతిక ప్రయత్నం జరిగింది. ఆ ప్రయత్నాలు చాలావరకు చిత్తశుద్ధితో జరిగినవే. అవి ఏ ప్రశ్నకు సమాధానంగా రూపొందాయన్నదే పరిశీలించవలసిన విషయం.

ఈ చరిత్రలో కాలానికి ప్రత్యేకమైన విలువ ఉంది. ఎముకల ఫ్లోరోసిస్‌కు చికిత్స లేదు. ఒకసారి ఎముకలో చేరి దాని నిర్మాణాన్ని మార్చిన ఫ్లోరైడ్ కలిగించిన వైకల్యం మంచినీరు తాగినంత మాత్రాన తొలగిపోదు. శాశ్వత దంతాలు రూపుదిద్దుకునే తొలి ఎనిమిదేళ్లలో తాగిన నీరు జీవితాంతం పంటిమీద గుర్తుగా మిగులుతుంది. కాబట్టి ఇక్కడ ప్రతి ఆలస్యాన్నీ తరాలతో లెక్కించవలసి ఉంటుంది.

2. వ్యాధికి పేరు దొరికిన క్రమం

పళ్లమీది మచ్చలకూ తాగేనీటికీ సంబంధం ఉందన్న అనుమానం మొదట అమెరికాలో బలపడింది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి వచ్చిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే స్థానికుల పళ్లమీది గోధుమరంగు మచ్చలను గమనించి దశాబ్దాలపాటు వాటి కారణాన్ని అన్వేషించాడు. 1931లో హెచ్.వి. చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ కారణం నీటిలోని ఫ్లోరైడ్ అని గుర్తించాడు. అమెరికాలో ఇది ప్రధానంగా దంతాల సమస్యగానే చర్చకు వచ్చింది.

ఆ నీరు మనిషి ఎముకను ఏ స్థితికి తీసుకుపోగలదో లోకానికి తెలిపిన తొలి ప్రధాన ఆధారాలలో ఒకటి తెలుగునేల నుంచి వచ్చింది. 1937లో హెచ్.ఇ. షార్ట్, అతని సహచరులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ గురించి భారతీయ వైద్య పరిశోధన పత్రికలో నివేదిక ప్రచురించారు. వారు పరిశీలించినది నాటి నెల్లూరు జిల్లాలోని గ్రామాలను. పొదిలి, దర్శి వంటి ఆ మెట్ట ప్రాంతాలు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో, అంటే తరువాతి ప్రకాశం జిల్లాలో భాగమయ్యాయి. అదే సంవత్సరం డెన్మార్క్‌కు చెందిన కై రోహోమ్ క్రయోలైట్ కర్మాగార కార్మికుల ఎముకలలో ఫ్లోరైడ్ విషప్రభావాన్ని వివరించే గ్రంథాన్ని వెలువరించాడు. అక్కడ కర్మాగారపు ధూళి చేసిన పనిని ఇక్కడ ఊరిబావి నీరు చేసింది.

షార్ట్ నివేదికకు ముందే ఆ ప్రాంత రైతులు తమ ఎద్దుల నడకలో మార్పును గమనించారన్న సంగతి ఫ్లోరోసిస్ సాహిత్యంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. దుక్కి దున్నవలసిన పశువు కాళ్లు బిగుసుకుపోవడాన్ని రైతు నీటికే ముడిపెట్టి చూశాడు. ఈ పరిశీలనకు ప్రయోగశాల భాష లేకపోవచ్చు. అయినప్పటికీ సమస్యను మొదట గుర్తించినవారు దానిని అనుభవించినవారేనన్న విషయాన్ని ఇది తెలియజేస్తుంది.

నల్లగొండ జిల్లా విషయానికి వస్తే, 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసం అక్కడి ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్య ప్రపంచం ముందుంచింది. ఆ తరువాత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఈ పరిశోధనను ముందుకు తీసుకుపోయారు. మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యాన్ని ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతాలలో గుర్తించి 1973లో లాన్సెట్ పత్రికలో కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ప్రకటించారు. ఈ విధంగా 1970 దశకపు తొలినాళ్లకే వ్యాధి పేరు, కారణం, తీవ్రత – మూడూ తెలిసిపోయాయి.

3. భూగర్భం, కరువు, బోరుబావి

నల్లగొండ జిల్లా అధికభాగం గ్రానైటు, నైస్ శిలలమీద ఉంది. ఈ శిలలలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలలో ఫ్లోరైడ్ ఉంటుంది. నీటిలో బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్నచోట ఆ ఫ్లోరైడ్ సులభంగా కరుగుతుంది. రాతి పగుళ్లలో నీరు ఎంత ఎక్కువకాలం నిలిస్తే అంత ఎక్కువ ఫ్లోరైడ్‌ను గ్రహించే అవకాశం ఉంది. వర్షాలు తక్కువ, ఎండలు ఎక్కువ కావడం దీనికి తోడయింది.

ఈ భూగర్భంలోకి సాంకేతికత ప్రవేశించినది ఫ్లోరైడ్ కోసం కాదు, కరువు కోసం. 1966–67 నాటి తీవ్రమైన కరువు తరువాత యూనిసెఫ్ సహకారంతో గట్టిరాతిని తొలిచే బోరు యంత్రాలు దేశంలోకి వచ్చాయి. 1970 దశకం ద్వితీయార్ధంలో యూనిసెఫ్, మద్రాసులోని యాంత్రిక ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, ప్రభుత్వరంగానికి చెందిన రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కలిసి ‘ఇండియా మార్క్ 2’ చేతిపంపును రూపొందించాయి. అంతకుముందు వాడిన పోత ఇనుప పంపులు ఒక కుటుంబానికి సరిపోయేవే తప్ప ఊరంతా రోజంతా కొట్టే ఒత్తిడికి తట్టుకోలేకపోయేవి. కొత్త పంపు ఆ ఒత్తిడిని తట్టుకుంది. గ్రామీణులు ‘బోరింగు’ అని పిలుచుకున్న ఈ పంపు ప్రపంచంలోనే అత్యధికంగా వాడుకలోకి వచ్చిన చేతిపంపులలో ఒకటయింది.

బోరింగు సాధించినదాన్ని తక్కువచేసి చూడడం న్యాయం కాదు. మూతలేని చేదబావుల, దిగుడుబావుల నీటి ద్వారా వ్యాపించే కలరా, విరేచనాల వంటి వ్యాధులనుంచి అది లక్షలాది కుటుంబాలకు రక్షణ ఇచ్చింది. ఎండాకాలంలో మైళ్లకొద్దీ నడిచే స్త్రీల శ్రమను తగ్గించింది. అయితే అది సమాధానం చెప్పిన ప్రశ్న ఏమిటి? నీరు దొరుకుతున్నదా, సూక్ష్మక్రిములు లేకుండా ఉన్నదా అన్న రెండు ప్రశ్నలే. నీటిలో కరిగిన ఖనిజాల ప్రశ్న ఆ నిర్వచనంలో లేదు. వాననీటితో ఎప్పటికప్పుడు కలిసే పైపొరల నీటిని వదిలి రాతి పగుళ్లలోని లోతైన నీటిని తాగడం మొదలైనప్పుడు, ఒక ప్రమాదంనుంచి బయటపడిన గ్రామం తనకు తెలియకుండానే మరొక ప్రమాదంలోకి అడుగుపెట్టింది. ఫ్లోరైడ్ నీటికి రంగు మారదు, వాసన రాదు. స్వచ్ఛంగా కనిపించే ఆ నీటిని అనుమానించడానికి తాగేవారికి ఏ ఆధారమూ లేదు.

ఈ కాలంలోనే జిల్లా సరిహద్దులో మరొక మహానిర్మాణం సాగింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో నీరు విడుదలయింది. ఎడమకాలువ జిల్లాలోని పల్లపు భూములను తడిపింది. మునుగోడు, దేవరకొండ వంటి ఎత్తైన మెట్టప్రాంతాలకు ఆ నీరు ఎక్కలేదు. పైగా కాలువలు, జలాశయాల ఊట వల్ల భూగర్భజలం పైకి వచ్చి నేల క్షారగుణం పెరిగిందనీ, దానివల్ల జొన్నలో మాలిబ్డినం పెరిగి, అది తినేవారిలో రాగి లోపించి, ఫ్లోరైడ్ ప్రభావం మరింత తీవ్రమయిందనీ పోషకాహార శాస్త్రవేత్తలు ఒక పరికల్పనను ముందుకు తెచ్చారు. నదీజలం దూరం కావడం ఒక సమస్య అయితే, నది మళ్లింపు నేల స్వభావాన్ని మార్చడం మరొక సమస్యగా చర్చకు వచ్చిందన్నమాట.

4. నల్లగొండ పద్ధతి

నాగపూర్‌లో 1958లో ఏర్పడిన కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1974లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి)గా మారింది. ఫ్లోరైడ్ తొలగింపుపై ఈ సంస్థ 1960 దశకం నుంచి పరిశోధనలు చేసింది. అయాన్ మార్పిడి రెజిన్లు, ఎముక బొగ్గు, ఉత్తేజిత అల్యూమినా వంటి మార్గాలు అప్పటికే ఉన్నా అవి ఖరీదైనవో, గ్రామాలలో నిర్వహించడానికి కష్టమైనవో, ప్రజలు అంగీకరించనివో అయ్యాయి. పటికకు ఫ్లోరైడ్‌ను తొలగించే గుణం ఉందని అమెరికాలో 1934లోనే సి.ఎస్. బోరఫ్ చూపాడు. నీరి శాస్త్రవేత్తలు డబ్ల్యు.జి. నవ్లాఖే, కె.ఆర్. బులుసు తదితరులు దానిని భారతీయ గ్రామానికి అనువుగా మలచి 1975లో ‘నల్లగొండ పద్ధతి’ పేరుతో ప్రకటించారు.

ఈ పద్ధతి సూత్రం సరళమైనది. నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి కలియబెడతారు. పటికలోని అల్యూమినియం దూదిపింజల వంటి హైడ్రాక్సైడ్ ముద్దగా ఏర్పడి ఫ్లోరైడ్‌ను తనకు అంటించుకొని అడుగుకు దిగుతుంది. సున్నం నీటి క్షారగుణాన్ని నిలబెట్టి ముద్ద త్వరగా దిగడానికి తోడ్పడుతుంది. బ్లీచింగ్ పౌడర్ సూక్ష్మక్రిములను చంపుతుంది. పైన తేరిన నీటిని వడపోసి వాడుకోవచ్చు. ఇంటి స్థాయిలో నలభై లీటర్ల బకెట్టు, దాని అడుగుకు కొంచెం పైన అమర్చిన కుళాయి, కలియబెట్టడానికి ఒక కర్ర ఉంటే చాలు. ఊరి స్థాయిలో పెద్ద తొట్టితో, యంత్రంతో ఇదే పని చేయవచ్చు. ప్రతి వస్తువూ స్థానికంగా దొరికేదే. విద్యుత్తు తప్పనిసరి కాదు. విదేశీ పరికరం అక్కరలేదు. ప్రజల అవసరాన్ని గుర్తించి, ప్రజలకు అందుబాటులోని వస్తువులతో రూపొందించిన శాస్త్రపరిశోధనకు ఇది ఆదర్శప్రాయమైన ఉదాహరణ.

5. ప్రయోగశాల నుంచి వంటింటికి

ఇంతటి సులభమైన పద్ధతి ఊళ్లలో ఎందుకు నిలవలేదు? జలశుద్ధి నిపుణులు తరువాతి కాలంలో గుర్తించిన లోపాలు ఈ ప్రశ్నకు సమాధానం చూపుతాయి.

మొదటిది మోతాదు. ఎంత పటిక వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడ్, క్షారగుణం రెండింటిమీదా ఆధారపడి ఉంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు బోరింగుల నీటికి రెండు మోతాదులు కావలసి రావచ్చు. ఒకే బోరింగు నీటికి వానాకాలంలో ఒక మోతాదు, ఎండాకాలంలో మరొక మోతాదు కావలసి రావచ్చు. పరీక్ష లేకుండా మోతాదు తెలియదు, పరీక్ష ఊళ్లో లేదు. రెండవది పరిమాణం. బురదనీటిని తేర్చడానికి వేసే పటిక కంటే ఫ్లోరైడ్‌ను తొలగించడానికి ఎన్నోరెట్లు ఎక్కువ, లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక కావాలి. దానివల్ల నీటిలో సల్ఫేటు పెరుగుతుంది, రుచి మారుతుంది. మోతాదు తప్పితే అల్యూమినియం మిగిలిపోయే ప్రమాదం ఉంది. మూడవది మడ్డి. నీటిలోంచి తొలగిన ఫ్లోరైడ్ ప్రతిరోజూ తడి మడ్డిగా మిగులుతుంది. దానిని ఎక్కడ పారవేయాలన్నది ఊరికి మిగిలిన ప్రశ్న.

నాలుగవ లోపం రసాయన శాస్త్రానికి చెందినది కాదు. ఈ పద్ధతిని ప్రతిరోజూ ఎవరు ఆచరించాలి? నీరు తెచ్చే పని గ్రామీణ కుటుంబంలో స్త్రీలది, ఆడపిల్లలది. కూలికి పోయేలోగా నీరు తేవడం, వంట చేయడం, పిల్లలను చూడడం అనే పనులకు తోడుగా మందులు కొలవడం, కలియబెట్టడం, ముద్ద దిగేవరకు గంటసేపు ఆగడం, బకెట్టు కడగడం చేరాయి. తాగడానికే కాదు, అన్నం పప్పు ఉడకడానికి కూడా ఆ నీరే కావాలి, ఎందుకంటే వంటనీటిలోని ఫ్లోరైడ్ కూడా ఆహారంతోపాటు శరీరంలోకి చేరుతుంది. ఇంత శ్రమకూ వెంటనే కనిపించే ఫలితం లేదు. ఫలితం పదేళ్ల తరువాత బిడ్డ పంటిమీద, ముప్పై ఏళ్ల తరువాత వెన్నుపూసమీద కనిపిస్తుంది. నల్లగొండ పద్ధతి ఖర్చు లెక్కలో పటిక ధర ఉంది, సున్నం ధర ఉంది. ఆమె గంట ధర లేదు.

ఊరి స్థాయి కేంద్రాలకూ ఇటువంటి చిక్కులే ఎదురయ్యాయి. నిర్మాణానికి నిధులు ఒకసారి వస్తాయి, నిర్వహణకు ప్రతినెలా కావాలి. శిక్షణ పొందిన పనిమనిషి, క్రమం తప్పని రసాయనాల సరఫరా, నీటి పరీక్ష – వీటిలో ఏ ఒక్కటి లోపించినా కేంద్రం మూతపడుతుంది. ఫ్లోరైడ్‌ను నీటిలోని ఒక పదార్థంగా నిర్వచించిన శాస్త్రం దానిని తొలగించే మార్గం చూపింది. ఆ మార్గంలో రోజూ నడవవలసిన మనుషుల జీవితం ఆ నిర్వచనానికి వెలుపల ఉండిపోయింది.

6. టెక్నాలజీ మిషన్: ఒక పోలిక

1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం తాగునీటికోసం టెక్నాలజీ మిషన్‌ను ప్రారంభించింది. సాంకేతిక పరిజ్ఞానాన్ని సామాన్యుల అవసరాల వైపు మళ్లించాలన్నది దాని ప్రకటిత లక్ష్యం. నీటి వనరుల అన్వేషణ, ఉప్పునీటి శుద్ధి, ఇనుము తొలగింపు, నారికురుపు నిర్మూలన, ఫ్లోరోసిస్ నియంత్రణ దానిలో ఉపమిషన్లుగా చేరాయి.

చివరి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ చరిత్రలోని కీలకాంశం స్పష్టమవుతుంది. నారికురుపు కూడా తాగునీటి ద్వారా వచ్చేదే. దేశంలో దాని చివరి కేసు 1996లో నమోదయింది. 2000 ఫిబ్రవరిలో భారతదేశం నారికురుపు రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇందుకు ఎటువంటి మందూ, టీకా అక్కరలేకపోయింది. నీటిని గుడ్డతో వడకట్టడం, దిగుడుబావులలోకి మనుషులు దిగకుండా మార్చడం, బోరింగులు వేయడం, ఊరూరా రోగులను వెదికి నమోదు చేయడం సరిపోయాయి. గొలుసులో ఒక్క కొక్కెం తెగితే, ఏడాది గడిచేసరికి పురుగు జీవితచక్రం ఆగిపోతుంది.

ఫ్లోరైడ్‌కు జీవితచక్రం లేదు. అది శిలలో ఉంది, ఎప్పటికీ ఉంటుంది. నారికురుపును అంతం చేసిన బోరింగే ఇక్కడ ఫ్లోరైడ్‌ను పైకి తెచ్చే సాధనమయింది. ఒకే మిషన్, ఒకే కాలం, ఒకే సాధనం – ఒక ఉపమిషన్‌లో విజయానికి, మరొకదానిలో కష్టానికి కారణమయ్యాయి. సాంకేతికత మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇటువంటి చోట ఎంత నిరర్థకమో ఈ పోలిక తెలియజేస్తుంది. ఏ నేలలో, ఏ నీటిలో, ఏ సమస్యకోసం అన్నవి తేలకుండా ఒక సాధనం గుణదోషాలు నిర్ణయించడం సాధ్యం కాదు.

7. బ్యాలెట్ పత్రంమీద నీరు

1990 దశకానికి సమస్య నిర్వచనాన్ని మార్చే ప్రయత్నం ప్రజల వైపునుంచి వచ్చింది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి నల్లగొండకు కృష్ణానది నీటిని కోరుతూ ఆందోళనలు నడిపింది. ఈ కోరికలోనే ఒక కొత్త నిర్వచనం ఉంది. భూగర్భజలాన్ని శుద్ధిచేసుకునే భారం గ్రామంమీద ఎందుకు ఉండాలి, జిల్లాను ఒరుసుకొని పారే నదిలో గ్రామానికి వాటా ఎందుకు ఉండకూడదు అన్నది ఆ ఉద్యమం అడిగిన ప్రశ్న. అంతవరకు రసాయనిక సమస్యగా ఉన్నది జలాల పంపిణీ సమస్యగా మారింది.

1996 లోక్‌సభ ఎన్నికలలో ఈ ప్రశ్న దేశం దృష్టికి వచ్చింది. నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు పోటీలో నిలిచారు. గెలవాలన్న ఆశతో వేసిన నామినేషన్లు కావవి. 480 పేర్లను, 480 గుర్తులను ఇముడ్చవలసిన బ్యాలెట్ పత్రమే నిరసనపత్రమయింది. ఆ ఎన్నికలో భారత కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం విజయం సాధించారు.

ఈ సంఘటనకు రాజ్యవ్యవస్థ ఇచ్చిన తొలి స్పందన గమనించదగినది. నల్లగొండతోపాటు ఆ ఏడాది బెళగావిలో, తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో కూడా అభ్యర్థుల సంఖ్య వందల్లో, వేలల్లో ఉంది. అదే సంవత్సరం ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయలనుంచి 10,000 రూపాయలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీల మద్దతు లేని అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ఎన్నికల నిర్వహణ దృష్టితో ఈ సవరణకు సమర్థన లేకపోలేదు. కాని కాలక్రమంలో చూస్తే, నీరు అడిగిన పద్ధతిని కట్టడి చేయడానికి కొన్ని నెలలు పట్టింది. అడిగిన నీరు ఇంటింటికీ చేరడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

8. నదీజలాల రాక

ఆ రెండు దశాబ్దాలలో నీటిపథకాలు దశలవారీగా విస్తరించాయి. నాగార్జునసాగర్ జలాశయం వెనుకభాగంనుంచి నీటిని ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి చేర్చే ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు ద్వారా జిల్లాలోని కొన్ని ప్రాంతాలకు కృష్ణానీరు అందింది. అదే అక్కంపల్లి నుంచి హైదరాబాదు నగరానికి కృష్ణాజలాల పథకం మొదటిదశ 2004లో అందుబాటులోకి వచ్చింది. మహానగరానికి నీరు మోసే గొట్టాలు నల్లగొండ జిల్లా మీదుగా సాగాయి. వంద కిలోమీటర్లకు పైగా దూరానికి, వందల అడుగుల ఎత్తుకు నదీజలాన్ని తరలించే సామర్థ్యం ఉన్నదని ఆ గొట్టాలే రుజువు చేశాయి. నీరు ఎవరికి ముందు అన్నది ఇంజనీరింగు తేల్చే ప్రశ్న కాదని కూడా అవే రుజువు చేశాయి.

ఇదే కాలంలో గ్రామాలలోకి రివర్స్ ఆస్మాసిస్ యంత్రాలు, ఇరవై లీటర్ల నీటి డబ్బాలు వచ్చాయి. ఇవి ఫ్లోరైడ్‌ను సమర్థంగా తొలగించినా నీటిని కొనుక్కునే వస్తువుగా మార్చాయి. తాగడానికి డబ్బానీరు, వంటకు బోరింగు నీరు అన్న విభజన పేద ఇళ్లలో ఏర్పడింది. శుద్ధి తరువాత మిగిలే సాంద్ర జలం మరల అదే నేలలోకి ఇంకింది.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఇంటింటికీ కుళాయి నీరు అందించే మిషన్ భగీరథకు 2015 జూన్ 8న నాటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు. పథకం ప్రారంభస్థలంగా ఫ్లోరైడ్ పీడిత జిల్లాను ఎంచుకోవడం జలోద్యమానికి లభించిన గుర్తింపుగా భావించవచ్చు. కృష్ణా, గోదావరి నదుల నీటిని శుద్ధిచేసి గొట్టాల ద్వారా ఆవాసాలకు పంపే ఈ పథకం తరువాత, 2020 నాటికి రాష్ట్రంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య సున్నాకు చేరినట్లు ప్రభుత్వ గణాంకాలు ప్రకటించాయి. నల్లగొండ పద్ధతి వెలువడిన 1975లో పుట్టిన బిడ్డ, పైలాన్ లేచిన నాటికి నలభై ఏళ్ల మనిషి. ఫ్లోరైడ్ నీరు తన పని ముగించడానికి ఆ నలభై ఏళ్లు సరిపోతాయి.

చివరకు ఫలించిన పరిష్కారంలో సాంకేతికంగా కొత్తదనం ఏమీ లేదు. ఆనకట్ట, పంపు, వడపోత కేంద్రం, గొట్టం – ఇవన్నీ 1975 నాటికే ఉన్నాయి. మారినది సమస్య నిర్వచనం, దానివెంట వచ్చిన రాజకీయ సంకల్పం.

9. ముగింపు

నల్లగొండ అనుభవాన్ని శాస్త్రవైఫల్యంగా చెప్పడం సరికాదు. షార్ట్, సిద్దిఖీల పరిశోధన లేకపోతే వ్యాధికి కారణం తెలిసేది కాదు. పోషకాహార శాస్త్రవేత్తల కృషి లేకపోతే దాని తీవ్రత తెలిసేది కాదు. నీరి రూపొందించిన పద్ధతి నదీజలం అందే అవకాశమే లేని ప్రాంతాలలో నేటికీ పరిశీలించదగిన మార్గం. అయితే శాస్త్రం ప్రతి దశలోనూ తనకు అందించిన ప్రశ్నకే సమాధానం చెప్పింది. నీరు లేదన్న ప్రశ్నకు బోరుబావి, నీటిలో ఫ్లోరైడ్ ఉందన్న ప్రశ్నకు పటిక వచ్చాయి. ఎవరి నీరు ఎవరికి చేరాలన్న ప్రశ్నను మాత్రం ప్రజలే అడగవలసి వచ్చింది. సాంకేతికతను మానవ సమస్యల వైపు మళ్లించడమంటే ముందుగా ఆ సమస్యను అనుభవించేవారికి దానిని నిర్వచించడంలో భాగం కల్పించడమని ఈ చరిత్ర సూచిస్తుంది.

పీడిత ఆవాసాల సంఖ్య సున్నాకు చేరడం, పీడితుల సంఖ్య సున్నాకు చేరడం ఒకటి కాదు. కుళాయి నీరు కొత్త తరాన్ని కాపాడుతుంది. వంగిన ఎముకను సరిచేయదు. ఇప్పటికే వైకల్యం పొందినవారికి కావలసిన నడక సాధనాలు, నొప్పి నివారణ, పోషకాహారం, పింఛను, అనువైన ఇల్లు అనే అంశాలు ఏ నీటిపథకం లెక్కలోనూ చేరవు. గొట్టం పగిలిననాడు, విద్యుత్తు నిలిచిననాడు ఊరు తిరిగి అదే బోరింగు దగ్గరకు పోతుంది గనుక నీటిపరీక్ష ఆగరాదు. సమస్య ముగిసిందన్న ప్రకటన తరువాత కూడా జీవిస్తున్న ఆ మనుషులను లెక్కించడం, వారి అవసరాలను వారి మాటల్లోనే నమోదు చేయడం వైద్య, సామాజిక, చరిత్ర పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.